ఉప్పు లేని గాలి

మొన్న ఆదివారం నెల్లూరు బైపాస్ అవతల మేము కొన్న స్థలానికి వాస్తు చూడడానికి సిద్ధాంతిగారు వచ్చారు. మట్టిలో ఒక పలక పరిచి, దాని మీద అరచేతిలో పట్టేంత కంపాస్ పెట్టి, సూది నిలబడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆయన్ని చూసి మా ఆయన కూడా ఊపిరి బిగబట్టారు. సూది నిలబడింది. "ఇదేనమ్మా ఉత్తరం. వెంట్రుకవాసి తేడా లేదు" అన్నారు సిద్ధాంతిగారు. నాకు ఎందుకో ఒళ్లు మండింది. "ఇక్కడ తేడా ఉండదులెండి" అన్నాను. ఆ మాటలో ఆయనకు ఏం వినిపించిందో, నావైపొకసారి, మా ఆయన వైపొకసారి చూశారు. నేను లేచి వెళ్లి రోడ్డు పక్కన నిలబడ్డాను. సార్ పోయి కొన్ని నెలలైంది. కబురు తెలిసిన రోజు ఏడుపు రాలేదు. ఆ ఎండలో, ఇటుకల లారీ పక్కన నిలబడి ఏడ్చాను.

సార్ అంటే మా స్టేషన్ ఇన్‌ఛార్జి. గూడూరు నుంచి సముద్రం వైపు పోతే, సరుగుడు తోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట మా చిన్న పరిశోధనా కేంద్రం ఉండేది. రెండు గదులు, ఒక రాడార్, ఇసుకలో పాతిన యాంటెన్నాలు, ఆ యాంటెన్నాలకు ఒళ్లు రుద్దుకునే బర్రెలు. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. చదువు అయ్యాక నేను అక్కడ డేటా చూసే ఉద్యోగంలో చేరాను. చేరిన రోజు ఆయన నా పేరు అడగలేదు, చదువు గురించి అడగలేదు. చొక్కా జేబులోంచి ఒక పాత టూత్‌బ్రష్ తీసి చేతికిచ్చి, "రా పాపా, తుప్పు గోకుదాం" అన్నారు.

అందరికీ జేబులో పెన్ను ఉంటే ఆయనకు ఆ బ్రష్ ఉండేది. సముద్రపు గాలి మా దగ్గర దేన్నీ బతకనిచ్చేది కాదు. కేబుల్ కొసలు పచ్చబడేవి. నట్లు ఉబ్బి బోల్టులకు అతుక్కుపోయేవి. కొత్త తాళం ఒక వానాకాలం గడిచేసరికి తాళంచెవిని పట్టుకుని వదిలేది కాదు. పొద్దున వచ్చీరాగానే ఆయన ప్యాంటు మడిచి, గ్రీజు డబ్బా పట్టుకుని, ఒక్కో యాంటెన్నా దగ్గర గొంతుక్కూర్చునేవారు. గోకేవారు, తుడిచేవారు, గ్రీజు పూసేవారు. చివరిదాకా వచ్చేసరికి మొదటిదానికి మళ్లీ తుప్పు మొదలై ఉండేది. "సైంటిస్టు గదా అని పిల్లనిచ్చినారు మా మామోళ్లు. ఇంతా చేస్తే తుప్పు గోకేవోణ్ణి" అనేవారు. నవ్వుతూనే అనేవారు. కానీ లేచేటప్పుడు రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, కాసేపు అలాగే వంగి ఉండిపోయేవారు. ఆ మనిషి ఎంత అలిసిపోయాడో నాకు మొదట తెలిసింది అలా వంగి ఉన్నప్పుడే.

ఆయన ఆ తీరంలోనే ఒక పాలెంలో పుట్టారు. వాళ్ల నాయన పడవ మీద చేపల వేటకు పోయేవాడు. చిన్నప్పుడు తనూ పోయేవారట. సముద్రం మీది అలల్ని వదిలి ఆకాశంలో అలల్ని ఎందుకు పట్టుకున్నారో నేను అడగలేదు గానీ, ఆ సంగతి అందరికీ చెప్పడమంటే మాత్రం ఆయనకు భలే సరదా. కాలేజీ పిల్లలు బస్సులో మా స్టేషన్ చూడడానికి వచ్చినప్పుడల్లా బీరువాలోంచి ఒక గాజు సీసా తీసేవారు. అందులో సగం రంగునీళ్లు, సగం కిరసనాయిలు. సీసాను అడ్డంగా పట్టుకుని మెల్లగా ఒక పక్కకు వంచేవారు. నీళ్లకూ నూనెకూ మధ్య ఒక అల నిదానంగా లేచి, ఆ మూల నుంచి ఈ మూలకు వచ్చేది.

"సముద్రంలోనే అలలుంటాయనుకున్నారా? గాలి పోయి కొండకు కొట్టుకున్నా, యాడన్నా తుఫాను లేచినా, పైన గాలిలో గూడా ఇట్నే అల లేస్తాది. తడి ఉండదు, చప్పుడుండదు. పైకి పోయేకొద్దీ గాలి పల్చనైపోతాది గదా, కింద గుప్పెడంత లేచింది ఆడికి పోయేసరికి కొండంతవుతాది."

పిల్లల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు, కనపడని అలను ఎట్లా చూస్తారు సార్ అని. ఆయన ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉండేవారు. "దుమ్మంత రవ్వలు పైనుంచి వచ్చి దినామూ కాలిపోతా ఉంటాయి. పగలూ కాలతాయి, మీరు చూడరంతే. కాలినాక పొగతోక మాదిరి ఒకటి మిగులుతాది. అది ఎటు కొట్టుకపోతా ఉండాదో రాడార్ చెప్తాది. తోక ఊగిందంటే ఆడ అల ఉన్నట్టే." అని ఆగి, సీసా నిలబెట్టి, చివరి మాట అనేవారు. "అల ఉందని తెలిస్తే చాలదు. యాడ నుంచి వచ్చిందో తెలియాల. అది తెలిస్తేనే ఎందుకొచ్చిందో తెలిసేది."

నేను చేరడానికి చాలా ముందే ఆయన అంటార్కిటికాలో మన దేశం నడిపే కేంద్రంలో ఒక చలికాలం గడిపి వచ్చారు. ధ్రువాల దగ్గర పై ఆకాశంలో ఈ అలల ఆట మరీ ఎక్కువ కాబట్టి అక్కడా ఇలాంటి రాడారే పెట్టారు. యాంటెన్నాలు ఎక్కడ పాతాలో మంచు మీద గీత గీసింది ఆయనే, పాతిందీ ఆయనే. ఆ రాడార్ పంపే డేటాను నేను మా ఇసుకలో కూర్చుని చూసేదాన్ని. ఆ చలికాలం గురించి ఆయన చెప్పే కథలన్నీ మా అందరికీ కంఠతా వచ్చు. అన్నిటికన్నా మాకు ఇష్టమైనది ఎండుచేపల కథ. ఇంటి దగ్గర నుంచి ఎండు నెత్తళ్లు మూటగట్టుకుని పోయారట. మొదటి రోజు వేయించగానే ఆ కంపుకు పంజాబీ లీడరు తలుపులు బార్లా తెరిచి, లోపలివాళ్లందర్నీ చలికి వణికించాడు. "తీరా నడి చలికాలం వచ్చేసరికి ఆయనే నా గది తలుపు కొట్టినాడు పాపా. ఆ కంపు ఇంకా మిగిలిందా అని అడిగినాడు."

చూడడానికి వచ్చినవాళ్లు పెంగ్విన్ల గురించి అడిగేవారు. ఆయనకు పెంగ్విన్లు పట్టవు. "ఆడ గాలిలో ఉప్పు లేదు పాపా. బిగించిన నట్టు బిగించినట్టే ఉంటాది. ఎన్నేండ్లకు పోయినా చేత్తో తిప్పితే ఊడొస్తాది" అనేవారు. అంటూ గాలిలో రెండు వేళ్లతో నట్టు తిప్పి చూపించేవారు. ఒక దేశమంత మంచు చూసొచ్చిన మనిషికి గుర్తున్నది ఇదా అని నేను నవ్వేదాన్ని. తర్వాత్తర్వాత, మే నెలలో కేబుళ్లు మార్చి మార్చి నా చేతులూ పగిలాక, నవ్వడం మానేశాను.

ఆయనకు కాస్త పేరు తెచ్చింది కూడా ఆ రాడారే. ఆ ప్రాంతంలో పైకి పోయే అలలు లోపలి మంచుకొండల వైపు నుంచి వస్తాయని అందరూ అంటుంటే, సముద్రం వైపు నుంచి, అక్కడ లేచే తుఫానుల నుంచి వస్తున్నాయని ఆయన ఒక వ్యాసంలో చూపించారు. ఆ తర్వాతి ఏళ్ల డేటా కలిపి నేను సాయం చేసిన రెండో వ్యాసం కూడా అదే చెప్పింది. దాని మీద ఆయన పేరు పక్కన నా పేరుంది. "సముద్రం ఎరగనోళ్లు కొండలంటారు. వాళ్లనేం చేస్తాం" అని ఆటపట్టిస్తున్నట్టు అనేవారు. ఒక్క ఆ మాట అనేటప్పుడే ఆయన నడుము నిటారుగా ఉండేది.

ఆ రాడార్ యాంటెన్నాలు పాతబడ్డాయి. కొత్తవి వేయడానికి ఒక బృందాన్ని పంపాలని పైవాళ్లు నిర్ణయించి, అందులో మొదటి పేరుగా సార్‌ది పెట్టారు. రిటైర్మెంటు దగ్గరపడింది. ఆ వయసు దాటితే డాక్టర్లు అటు పంపరు. పోతే ఇప్పుడే, లేకపోతే ఇక లేదు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆయన నడక మారిపోయింది. ఇంట్లో అటక మీది పెట్టె దించి, ఉన్ని బట్టలన్నీ డాబా మీద ఎండబెట్టించారు. ఒకరోజు నేను వాళ్లింటికి పోతే మేడం కాఫీ ఇచ్చి, గొంతు తగ్గించి, "మా పెండ్లిలో గూడా ఈయన మొఖాన ఇంత కళ చూళ్లేదు పాపా. పోయిరానీలే. ఈడ గోకీ గోకీ ఏమైపోతాడో అని భయంగా ఉండాది" అంది.

అప్పుడొచ్చింది ఆ ఫోటో. అక్కడ చలికాలంలో సూర్యుడు వారాల తరబడి కనిపించడు. మళ్లీ మొదటిసారి కనిపించే రోజు వాళ్లకు పండగ. సరిగ్గా మధ్యాహ్నం పూట, ఉత్తరాన నేల అంచున కాసేపు తొంగిచూసి వెళ్లిపోతాడు. ఆ కాసేపట్లోనే అందరూ బయటికొచ్చి ఫోటో దిగుతారు. ఆ ఏడాది మా యాంటెన్నాల దగ్గర నిలబడి దిగి, మాకు పంపారు. ముచ్చటగా ఉందని నేను ప్రింట్ తీసి వరండాలో బోర్డుకు గుచ్చాను.

సార్‌కి మధ్యాహ్నం కూర్చుని తినే అలవాటు లేదు. గిన్నె ఎడమచేతిలో పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ తినేవారు. ఆ ఫోటో ముందు నుంచి ఎన్నిసార్లు తిరిగారో. ఒకరోజు, ముందురాత్రి మిగిలిన చేపల పులుసు కలుపుకుని తింటూ తింటూ దాని ముందు ఆగిపోయారు. గిన్నె నా చేతికిచ్చారు. ఎంగిలి చెయ్యి పక్కకు పట్టుకుని, ఎడమచేత్తో కళ్లజోడు తీసి, దాని కాడను ఫోటోలో మనుషుల నీడ మీద ఆనించారు. తర్వాత యాంటెన్నాల వరస మీద ఆనించారు.

ఉత్తరాన సూర్యుడుంటే నీడలు దక్షిణానికి పడాలి. యాంటెన్నాల వరస కూడా ఉత్తర దక్షిణాలుగా ఉందనే మా లెక్కలన్నీ. రెండూ ఒకే దిక్కున పోవాలి. కానీ వరస నీడల్ని ఏటవాలుగా కోసుకుంటూ పోతోంది.

"కెమెరా పక్క నుంచి తీసుంటారు సార్. అందుకే అట్లా కనిపిస్తోంది" అన్నాను.

"మనుషుల్ని వదిలెయ్ పాపా. ఈ స్తంభం నీడ చూడు. పోయి పక్క స్తంభం మీద పడాల. యాడ పడింది?"

మంచులో పడింది. పక్క స్తంభానికి చాలా ఎడంగా.

చేతికి అంటుకున్న అన్నం ఎండిపోయింది. "జీపీఎస్ బ్యాటరీ చలికి చచ్చిపోయింది. మా నాయన పడవ మీది కంపాస్ పెట్టి గీసినా" అన్నారు చివరికి.

మా తీరంలో కంపాస్ సూది చూపేదీ అసలు ఉత్తరమూ దాదాపు ఒకటే. వాళ్ల నాయన ఆ సూదిని నమ్ముకునే తీరం కనపడని రోజుల్లో పడవను రేవుకు తెచ్చేవాడు. ధ్రువాల వైపు పోయేకొద్దీ అలా కుదరదు. సూది చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మధ్య తేడా బాగా పెరిగిపోతుంది. ఆయనకు తెలియని సంగతి కాదు, ట్రైనింగ్‌కి వచ్చేవాళ్లకు ఆ పాఠం చెప్పేదే ఆయన. కానీ ఆ చలిలో, చేతులు కొయ్యబారిపోయి ఉన్నప్పుడు, చిన్నప్పటి నుంచి నమ్మిన సూదిని చెయ్యి నమ్మేసింది. "సూది ఒక పక్కకు వంగి, బద్ధకంగా తిరిగింది పాపా. చలికేమోలే అనుకున్నా" అన్నారు. నవ్వబోయారు గానీ రాలేదు.

దిక్కు సరిచేసి లెక్కంతా మళ్లీ వేశాను. మేము సముద్రం వైపు అన్నది, అటు సముద్రానికీ ఇటు కొండలకూ నడుమ అంచు మీద ఉన్న దిక్కు. ఆ తేడా మేరకు తిప్పేసరికి అలలన్నీ కొండల వైపుకు పోయాయి. అందరూ మొదటి నుంచీ చెబుతున్నదే. మేము కొత్తగా కనిపెట్టింది మా పొరపాటును, అంతే.

కాగితం చూపించి, మనసులో ఉన్నది అడిగేశాను. "ముందు మీరు పోయిరండి సార్. కొత్త వరస మీరే సరిగ్గా వేయండి. వచ్చాక చెబుదాం. ఎవరికి నష్టం?" ఆ మాటలో పెద్ద తప్పుందని నాకు ఇవాళ కూడా అనిపించదు.

"అట్ట పోతే ఆడ నిద్రపట్టదు" అన్నారు.

"అక్కడ మామూలుగానే నిద్రపట్టదని మీరే చెప్పారు కదా."

"అది ఆడ ఎండాకాలంలో రాత్రంతా ఉండే వెలుతురు వల్ల. దానికి కర్టెన్ ఉండాది." కాగితం నావైపు జరిపి అన్నారు, "వాళ్లు నన్ను పంపతా ఉండేది ఎందుకు? గీత గీసేదానికి. పోయినసారి వంకరగా గీసినానని దాచిపెట్టి, మళ్లా గీతలు గీసేదానికి ఎట్ట పోయేది పాపా?"

ఆ వారంలోనే రెండు ఉత్తరాలు రాశారు. వ్యాసాలు వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు ఒకటి, రాడార్ సంగతి పైవాళ్లకు ఒకటి. తప్పంతా తనదని, నాకు సంబంధం లేదని రెండింటిలోనూ రాశారు. నేను పోట్లాడాను. వినలేదు. పైనుంచి జవాబు త్వరగానే వచ్చింది. ఆయన నిజాయితీని మెచ్చుకున్నారు. ఆయన అనుభవం తమకెంతో అవసరమన్నారు. ఈసారి మాత్రం కుర్రవాళ్లకు అవకాశం ఇస్తున్నామన్నారు. అంత మర్యాదగా కాదనడం ఆఫీసులకే చేతనవుతుంది. ఆయన ఆ కాగితం చదివి, మడిచి, నా బల్ల మీద పెట్టి, బ్రష్ తీసుకుని ఎండలోకి పోయారు. కిటికీలోంచి చూశాను. ఏ యాంటెన్నా దగ్గరా కూర్చోలేదు. ఒక స్తంభాన్ని పట్టుకుని ఊరికే నిలబడ్డారు. నాకు ఆ పైవాళ్ల మీద, ఆయన మీద, ఆ ఫోటో బోర్డుకు గుచ్చిన నా మీద కూడా కోపం వచ్చింది.

ఆయన బదులు పోయే ఇద్దరు ఇంజినీర్లను ట్రైనింగ్‌కి మా దగ్గరికే పంపారు. ఒకడిది కావలి, ఇంకొకడిది బీహార్. ఎండలు ముదురుతున్న రోజులు. సార్ వాళ్లను మిట్టమధ్యాహ్నం సముద్రం ఒడ్డుకు తీసుకుపోయి, పెట్టెలోంచి మంచు ప్రాంతపు మందపాటి గ్లౌజులు తీసి తొడిగించారు. వాటితోనే ఇసుకలో కర్ర పాతాలి. నీడ కొస దగ్గర పుల్ల గుచ్చుతూ పోవాలి. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడు అది పడిన దారినే తాడు కట్టాలి. ముడి కూడా గ్లౌజులతోనే వేయాలి. కుర్రాళ్లకు చెమటలు ధారలు కట్టాయి.

"సార్, ఇప్పుడు మంచి జీపీఎస్‌లు వచ్చినాయి గదా" అన్నాడు కావలి అబ్బాయి.

"నాకిచ్చింది గూడా మంచిదే నాయనా. ఆడ చేతులు మీవి గావు, బ్యాటరీలు మీవి గావు. సూది అసలే మీది గాదు. నీడ ఒక్కటే మీది. కట్టు, మళ్లా కట్టు."

చేపల గంపలతో పోతున్న ఆడవాళ్లు ఆగి చూశారు. "ఏంది సారూ, చలేస్తా ఉండాదా ఏంది బిడ్డలకి?" అంది ఒకామె.

"ఎయ్యబోతాదిలే అక్కా" అన్నారు సార్.

ముడి ఎలా వేయాలో చూపించడానికి ఆయన కూడా ఒక జత తొడుక్కున్నారు. ఎంత తేలిగ్గా వేశారో. ఆ గ్లౌజుల్లో ఆయన వేళ్లకు వయసు తగ్గినట్టు అనిపించింది. పని అయ్యాక కుర్రాళ్లు పరిగెత్తుకుంటూ పోయి సముద్రంలో దూకారు. ఆయన ఇసుక మీద కూర్చున్నారు. గ్లౌజులు తీయలేదు. నేను నీళ్ల సీసా ఇస్తే వాటితోనే పట్టుకుని తాగారు. ఇంటికి పోదాం సార్ అని నేను రెండుసార్లు అడిగాక, ఎవరివో వస్తువులు తిరిగి ఇచ్చేస్తున్నట్టు ఒక్కోటే తీసి పక్కన పెట్టారు.

వాళ్లు వెళ్లారు. కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం, స్టేషన్‌లో మేమిద్దరమే ఉండగా ఫోన్ మోగింది. అక్కడి నుంచే. వెనక గాలి హోరు, దాని మీదుగా కావలి అబ్బాయి గొంతు.

"మేడం! వరస వేసేసినాం మేడం. సార్ చెప్పినట్టే నీడ చూసి వేసినాం. స్తంభం నీడ పోయి పక్క స్తంభం మీదనే పడతా ఉండాది. సార్‌కి ఇస్తారా? ముందు సార్‌కే చెప్పాలనుకున్నాం."

సార్ నా ఎదురుగానే కుర్చీలో ఉన్నారు. ఆ అబ్బాయి అరిచి మాట్లాడుతున్నాడు కాబట్టి ప్రతి మాటా వినిపించే ఉంటుంది. నేను రిసీవర్ చాపాను. ఆయన దానివైపు చూశారు. చెయ్యి సగం లేపారు. మళ్లీ దించేసి, లేనని చెప్పు అన్నట్టు తల అడ్డంగా ఊపారు.

"సార్ బయటికి వెళ్లారు బాబూ" అన్నాను.

"అయ్యో. సరే మేడం, మళ్లా చేస్తాం."

ఫోన్ పెట్టేశాను. ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో అద్దాలు చాలాసేపు తుడిచారు. "ఆడ చలి ఎట్టుండాదంట?" అని అడిగారు.

"అడగలేదు సార్."

"అడగాల్సింది." తర్వాత, నావైపు చూడకుండా, "మళ్లా చేస్తే నాకియ్యి పాపా. మాట్లాడతా" అన్నారు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి ఆయన ఫోన్ పక్కన కుర్చీ వేసుకునేవారు. ఏదో చదువుతున్నట్టు ఉండేవారు. గూడూరు నుంచి గ్యాస్ వాడు చేసినా, ఇంటి నుంచి మేడం చేసినా, మొదటి మోతకే ఎత్తేవారు. అక్కడి నుంచి డేటా మాత్రం రోజూ తనంతట తనే మా కంప్యూటర్‌లోకి వచ్చి పడేది. అలలు శుభ్రంగా, ఎటు నుంచి రావాలో అటు నుంచే వస్తున్నాయి. ఏదైనా చెడితే కదా వాళ్లు మాకు ఫోన్ చేసేది. ఆయన రిటైరైన రోజు దాకా అక్కడ ఏదీ చెడలేదు.